కట్ట లేని నీళ్లు

ఏప్రిల్ 19. ఉదయం 7.
పొడి గుండు 29, తడి గుండు 20. ఆకాశం నిర్మలం. గాలి లేదు. పాత ఆకు మీద మూడు బిందెల నీళ్లు చల్లి గోనెలు కప్పాను.

కొత్త పుస్తకం. ప్రతి పుస్తకం మొదట్లో పద్ధతి రాస్తాను. నా తర్వాత చూసేవాళ్లకు తెలియాలి. బీడీ ఆకు గోదాము వసారాలో రెండు థర్మామీటర్లు పక్కపక్కన వేలాడుతుంటాయి. బోధన్‌లో పాతసామాను దుకాణంలో కొన్నవి. ఒకదాని పాదరసం గుండుకు తడిబట్ట చుట్టి ఉంటుంది. రెండింటి మధ్య తేడా పెరిగితే గాలి ఎండిందని అర్థం. అప్పుడు తునికాకు పెళుసై, చుట్టేవాళ్ల వేళ్లలో విరుగుతుంది. తేడాను బట్టి నీళ్లు చల్లాలి. పొద్దున ఏడింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూసి రాయాలి. 1997 నుంచి ఒక్క పూట తప్పలేదు. ఎవరూ నేర్పలేదు. చూస్తూ నేర్చుకున్నాను.

ఇంటి సంగతులు ఈ పుస్తకంలో రాయను. ఇది రాస్తున్నాను. ఇందులో వాతావరణం ఉంది.

మంగళవారం ఏడింటి అంకెలు రాసి, మూడింటిలోపు తిరిగి వచ్చేటట్టు నా భార్య ప్రమీలను కంటి దవాఖానకు తీసుకుపోయాను. ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. కరెంటు పోయినా ఆమె చెయ్యి ఆగేది కాదు. అది పనితనం అనుకున్నాను. పోయిన నెల ఆమె బీడీ కట్టలు ఏరివేతలో రెండుసార్లు వెనక్కి వచ్చాయి. తెల్లమచ్చల ఆకు వాడిందని. కత్తిరించేటప్పుడు మచ్చ కనపడటం లేదట. రేచీకటి కావచ్చనుకుని పోయాం. కంటి వెనక పొర అంచుల నుంచి చచ్చిపోతూ వస్తోందని చెప్పారు. గొట్టంలోంచి చూసినట్టు నడుమ భాగమే మిగిలింది. మంచి ఎండ ఉంటే ఆ నడుమ భాగం బాగా పనిచేస్తుంది. వెలుగు తగ్గితే ఏమీ లేదు. మందు లేదు. ఎన్నాళ్లని అడిగాను. ఈ ఎండాకాలం ఉన్నంత వచ్చే ఎండాకాలం ఉండకపోవచ్చు అన్నాడు డాక్టరు. ప్రమీల పక్కనే కూర్చుని విన్నది.

బస్సులో, ఏమైనా చూడాలని ఉందా అని అడిగాను. ఆలోచించకుండా సముద్రం అన్నది. ఎందుకని అడిగితే, మన అలీసాగర్ కానీ గోదారి కానీ అవతలి ఒడ్డు కనవడ్తది, కట్ట లేని నీళ్లెట్లుంటయో ఒక్కసారి సూడాలె అన్నది.

ఏప్రిల్ 20. ఉదయం 7.
30, 20. మూడు బిందెలు.
సముద్రం నేనూ చూడలేదు.

ఏప్రిల్ 27. ఆదివారం.
30, 21. మధ్యాహ్నం 41, 22. సన్నటి వడగాడ్పు. నాలుగు బిందెలు.

మా అమ్మాయి సవిత ఆర్మూర్‌లో మందుల దుకాణంలో పని చేస్తుంది. ఈ రోజు సెలవు పెట్టి వచ్చింది. ఫోన్‌లో గోవా, విశాఖపట్నం, పూరీ, బాపట్ల దగ్గర సూర్యలంక చూపించింది. వరుసగా చూశాను. ప్రతి ఫోటోలోనూ పొద్దు పుడుతోంది, లేకపోతే గుంకుతోంది. మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటోలు ఉన్నాయా అని అడిగాను. బాపూ, పగటీలి పన్నెండింటికి బీచ్ మీదికి ఎవలన్న పోతరా, మాడిపోతరు అన్నది. లోపలి నుంచి ప్రమీల అన్నది, మంది సల్లవడతానికి సముద్రానికి పోతరు బిడ్డా, మీ బాపు నన్ను వడియాల లెక్క ఎండేస్తానికి కొంచవోతుండు.

ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నేను ఫోటోలు మళ్లీ మొదటి నుంచి చూశాను.

సవితకు గోవా మీద మనసు. తాను కూడా రావచ్చని కాదు, సెలవు దొరకదు. అమ్మ గోవా పోయి వచ్చిందని చెప్పుకోవచ్చని.

ఏప్రిల్ 29. ఉదయం 7.
31, 21. సిరికొండ వైపు నుంచి ఈ ఏడు మొదటి కొత్త ఆకు లారీ దిగింది. ఆకు బాగుంది, పలచగా ఉంది.

గోదాము వ్యాను హనోకు నడుపుతాడు. ఇక్కడికి రాకముందు పద్దెనిమిదేళ్లు లారీ మీద తిరిగినవాడు. నాలుగు ఊళ్లూ చూశాడు. ఎక్కడ బాగుంటుందని అడిగాను. విశాఖల బండలు, పూరీల మంది, సూర్యలంకల ఉత్త ఇసుక అన్నాడు. గోవల మనసొంటోళ్లు చెప్పులు యాడ ఇడవాల్నో తెల్వక చేతుల పట్టుకొని తిరుగుతరు అన్నాడు. ఇంతకు వదినెకు కావాల్సింది నీళ్లా, ఎండా అని అడిగాడు. రెండూ అన్నాను. అయితే నీళ్ల సంగతి నన్నడుగన్నా, ఎండ సంగతి నీ పుస్తకాన్నడుగు అన్నాడు.

సరైన మాట. ఇంటికి పోయి పాత పుస్తకాలు అటక మీది నుంచి దించాను.

మే 4. ఆదివారం.
ఉదయం 31, 22. ఆకాశం నిర్మలం.

ఎంత వెలుగు కావాలో తెలియకుండా ఊరు ఎంచుకోవడం తప్పు. అందుకని ఎక్సెల్ బండి మీద ప్రమీలను అలీసాగర్ తీసుకుపోయాను. మధ్యాహ్నం మూడు గంటలు, గోదాములో అంకెలు రాసిన వెంటనే. ఎదురుగా పొద్దు ఉండేటట్టు ఒక చోట నిలబెట్టి ఏం కనపడుతోందని అడిగాను. తెల్లగ, కాలిన పెనం లెక్క అన్నది. కళ్ల నిండా నీళ్లు కారాయి. తర్వాత చుట్టూ తిప్పి అవతలికి తీసుకుపోయి, పొద్దు వీపు వెనక ఉండేటట్టు నిలబెట్టాను. అప్పుడు అన్నీ చెప్పింది. నీళ్ల రంగు, నీళ్ల మీద ఎండుకొమ్మ, కొమ్మ మీద కొంగ. కొంగను నేను చూడలేదు. ఆమె తలను ఎడమ నుంచి కుడికి నిదానంగా తిప్పుతూ చూస్తుంది, వాకిలి ఊడ్చినట్టు. ఒకసారికి కొంచెమే కనపడుతుంది కనుక.

నడుమ ఒక మబ్బు తునక వచ్చింది. రెండు మూడు నిమిషాలు. కొంగ ఉందా అని అడిగాను. కొంగా లేదు, నీళ్లూ లేవు, నువ్వూ లేవు అన్నది.

అప్పుడు నేల మీద మా నీడలు చూశాను. నీడ అంచు కత్తెరతో కోసినట్టు ఉంటే ఆమెకు కనపడుతుంది. అంచు చెదిరితే కనపడదు. ఇది కొలత.

తిరిగి వచ్చేముందు ఆమె కట్ట వైపు తల తిప్పి కాసేపు వెతికింది. నాకైతే గిక్కడ్నే అవతలి కట్ట అందుతలేదు, గిదే సముద్రమనుకోని ఇంటికి పోదామా, కిరాయి మిగులుతది అన్నది. నవ్వుతూనే అన్నది. నేను బండి స్టార్ట్ చేశాను.

మే 6. రాత్రి.
తేల్చాను. గోవా.

గోవా సముద్రం పడమట ఉంటుంది. పొద్దున పోతే ఎండ వెనక నుంచి వస్తుంది. కొత్త ఆకు దిగడం మే ఆఖరుకు ముగుస్తుంది, అప్పుడు గోదాము వదిలినా పరవాలేదు. రోహిణి కార్తె ఇరవై ఐదున వస్తుంది. నా పుస్తకాల్లో రోహిణి మొదటి పది రోజుల్లో మబ్బుపట్టిన పొద్దునలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. రోహిణిలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ఏడాదిలో ఇంతకన్నా నమ్మకమైన ఎండ లేదు.

జూన్ 3న గోవాలో దిగుతాం. సవిత ఫోన్‌లోనే టికెట్లు చేసింది. రెండూ కన్ఫర్మ్. ఒకటి లోయర్.

మే 8. ఉదయం 7.
32, 22. ప్రమీల కొత్త చీరకు ఫాల్ కుట్టించుకు వచ్చింది. సముద్రం దగ్గర ఎవరు చూస్తారన్నాను. నేను సముద్రాన్ని సూస్త, సముద్రం నన్ను సూడద్దా అన్నది.

మే 12. ఉదయం 7.
32, 21. పడమటి గాలి. ఆకు చివర్లు చిట్లుతున్నాయి, ఐదు బిందెలు చల్లాను.

మా గల్లీ చివర రాధాబాయి కూరగాయలు అమ్ముతుంది. ధర్మాబాద్ అవతలి ఊరు వాళ్లది, ఇంట్లో మరాఠీ మాట్లాడతారు. చెల్లెల్ని కొంకణానికి ఇచ్చారు, గోవా పక్కన సముద్రం ఒడ్డు. ప్రమీల టమాటలు కొంటూ జూన్ మూడున గోవా పోతున్నామని చెప్పిందట. రాధాబాయి తక్కెడ కింద పెట్టి నన్ను పిలిపించింది.

ఏం భావూ, గొడుగు అమ్మతానికి పోతున్నవా అన్నది. అర్థం కాలేదన్నాను. జూన్ల ఆడ ఎండ యాడిదని అడిగింది. రోహిణి కార్తెలో కదా అన్నాను. ఆమె పక్కన ఉల్లిగడ్డలమ్మే ఆమెతో మరాఠీలో ఏదో అన్నది, ఇద్దరూ నవ్వారు. మీ రోహిణి మీ నిజామాబాద్ల్నే పగులుతది అన్నది. ఆడ రోహిణి వచ్చిందంటే పడవలు ఒడ్డుకు గుంజి బోర్లేస్తరు, ఇంటికప్పు మీద తాటాకు కప్పుకుంటరు, మా చెల్లె చీరలు పొయ్యి మీద ఆరవెట్టుకుంటది. మబ్బు మే నెలల్నే వచ్చి కూసుంటది, వానకు తోవ సూస్తది. ఎండ కావాలంటే సంక్రాంతి దాటినంక పోవాలె, లేకుంటె తూర్పు దిక్కు పోవాలె.

రెండు కిలోల టమాటలకు ఒక కిలో తూచి పంపింది, పరేషాన్లో ప్రమీల కూడా చూసుకోలేదు. మళ్లీ పోయి తెచ్చాను.

రాత్రి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఇరవై ఎనిమిది రోహిణి కార్తెలు ఉన్నాయి. ఒక్క అంకె తప్పు లేదు. అన్నీ ఒకే వసారాలోవి.

మే 13. ఉదయం 7.
32, 22.
టికెట్లు రద్దు చేయమని సవితకు ఫోన్ చేశాను. సంక్రాంతి దాకా ఆగవచ్చు కదా బాపూ, ఎనిమిది నెల్లే కదా అన్నది. డాక్టరు అన్నది మళ్లీ చెప్పాను. అయితే సూర్యలంక సూస్త అని పెట్టేసింది.

ప్రమీలతో నేను తప్పు లెక్క వేశానని చెప్పాను. లగ్గమైనప్పటి సంది నీ నోట్ల గా మాట ఇనుడు ఇదే మొదలు, పుస్తకంల రాస్కో అన్నది.
రాశాను.

మే 16.
ఉదయం 33, 23. మధ్యాహ్నం 43, 23. ఆరు బిందెలు.

పదకొండు గంటలకు అన్నానికి ఇంటికి పోయాను. నేను చూస్తుండగానే ప్రమీల వాకిట్లో బిందె తన్నుకుని పడింది. నిండు ఎండ. బిందె ఎప్పుడూ ఉండే చోటే ఉంది. మోకాలు గీసుకుంది. పరాకుగా ఉన్నావా అని అడిగాను. ఇట్ల మస్తుసార్లయింది, నువ్వు గోదాముకాడ ఉంటవు కాబట్టి తెల్వది అన్నది. తడిసిన ఆకు ఏరుకుంటూ అన్నది. ఒక్కో ఆకును బొటనవేలితో తడిమి, మచ్చ ఉన్నవి పక్కన పెడుతోంది. మచ్చ గరుకుగా ఉంటుందట. పోయిన నెల నుంచి కట్టలు వెనక్కి రావడం లేదు. ఎందుకు రావడం లేదో నేను అడగలేదు ఇన్నాళ్లు.

కొత్త ఆకు అయిపోయేదాకా ఆగను.

మే 18. ఆదివారం.
33, 24. సూర్యలంక ఖాయం. మే 27, 28. సముద్రం తూర్పున ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక ఎండ వెనక నుంచి పడుతుంది. సికింద్రాబాద్‌లో బండి మారి బాపట్లలో దిగాలి.

గోదాము సేటును సెలవు అడిగాను. ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి. ఆకు లారీలు దిగే దినాలల్ల ఎవల చేతిల పెట్టిపోతవ్ అని అడిగాడు. హనోకు అన్నాను. సేటు నా మొహం చూసి, వాపస్ వస్తవు గదా అన్నాడు.

మే 21.
హనోకుకు అంకెలు చూడటం నేర్పుతున్నాను. పొద్దున పొడి 32, తడి 35 అని చెప్పాడు. తడిది ఎప్పటికీ పొడిదాన్ని దాటదు, కుండపోతలోనూ దాటదు అన్నాను. అయితే ప్రభువు చేసిన అద్భుతం అని రాస్కో అన్నా అన్నాడు. మళ్లీ చూపించాను. కంటికి సమానంగా ఉండాలి, మునివేళ్ల మీద లేవకూడదు, గుండు మీద ఊపిరి పడకూడదు. నాలుగోసారికి సరిగా చెప్పాడు. అక్కడున్న రెండు రోజులూ మూడింటికి ఫోన్ చేసి అంకెలు చెప్పమన్నాను. పొద్దుటివి చీటీ మీద రాసి ఉంచాలి, అన్నీ నా పుస్తకంలోనే ఎక్కాలి. వదినెకు సముద్రం సూపిస్తవా, నాకు బడి చెప్తవా అన్నాడు.

మే 24. ఉదయం 7.
31, 25. గాలిలో తడి పెరిగింది. ఒక బిందె చాలు.

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడవచ్చని వార్తల్లో చెప్పారు. సవిత రెండుసార్లు ఫోన్ చేసింది. ఇంకోసారి వాయిదా వేస్తే ఏమవుతుందని అడిగింది. ఫోన్ ప్రమీలకు ఇచ్చాను. మబ్బుంటే మబ్బు కిందనే కూసుంటా, ఇంట్ల ఉంటె గోడ తప్ప ఏమున్నది అన్నది.

తర్వాత నాకొక షరతు పెట్టింది. ఎండ వచ్చినప్పుడు గంటెంత, గాలెంత అని రాస్కుంట కూసోవద్దు. నాకు అందేది గొట్టమంత. నేను నడిమిట్ల సూస్తుంటా, పక్కపొంటి ఏమేమున్నయో నువ్వు చెప్పాలె. నోరు తెరిచి చెప్పాలె.

సరేనన్నాను.

మే 26. సాయంత్రం.
ఇంటి తాళం రాధాబాయికి ఇచ్చాం. ప్రమీలకు ప్లాట్‌ఫాం మీద వెలుగు చాలలేదు, నా భుజం పట్టుకుని ఎక్కింది. బండి కిటికీ అద్దంలోంచి తూర్పు వైపు చూశాను. మబ్బు ఉంది.

మే 27. సూర్యలంక.
థర్మామీటర్ లేదు. మబ్బు ఆకాశమంతా. ఎక్కడా సందు లేదు. నీడలు పడటం లేదు.

మధ్యాహ్నం రెండు నుంచి అయిదున్నర దాకా ఒడ్డున ఉన్నాం. ప్రమీల కొత్త చీర కట్టింది. నీళ్లు పాదాల మీదికి వచ్చినప్పుడు వెనక్కి జరగలేదు. మోకాళ్ల దాకా పోయింది. గీసుకున్న చోట ఉప్పు మండిందట, మంచిగున్నది అన్నది. చప్పుడు గురించి అన్నది, లారీ మీదికెల్లి ఆకు మూటలు దించినట్టున్నది, దింపుడు ఒడువనే ఒడువది, ఇంకా ఉంటనే ఉన్నయ్. ఇద్దరం కాల్చిన మక్కకంకులు తిన్నాం. అమ్మే ఆమె మా మాట విని, మీరు తెలంగాణ నుంచి వచ్చారా, నిన్నటిదాకా ఎండ చంపేసింది, మీరు అదృష్టవంతులు అన్నది.

ప్రమీల తల ఎడమ నుంచి కుడికి తిప్పి చూసింది. మళ్లీ కుడి నుంచి ఎడమకు. మూడోసారి ఆగిపోయింది. మన ఇంటి గోడే, కాకుంటె చప్పుడొస్తున్నది అన్నది. కట్ట ఉన్నదా అని నన్ను అడిగింది. లేదన్నాను. నువ్వు మంచిగ సూసినవా అన్నది. చూశానన్నాను. పోనీ, నువ్వన్న సూసినవ్ అన్నది.

ఆ తర్వాత నేను అటు చూడలేదు. ఇసుకలో ఎండ్రకాయల కన్నాలు చూస్తూ కూర్చున్నాను.

3 గంటలకు హనోకు చెప్పిన అంకెలు: పొడి 40, తడి 26. ఎనిమిది బిందెలు చల్లాడట. రెండు చాలు. మూటల మీద గోనెలు తీసి ఆరబెట్టమన్నాను.

మే 28. ఉదయం 7.
మబ్బు ఆకాశమంతా. తుంపర. చీర ఆరలేదు, తడిదే కట్టుకుంది.

11 గంటలు.
మబ్బు అంతే. కొంచెం పలచబడింది, తెలుపు తిరిగింది. నీడ లేదు. రాత్రి బండికి అయిదింటికి ఆటో మాట్లాడాను. ప్రమీల ఒడ్డునే కూర్చుని పిడికిలితో ఇసుక కొలుస్తోంది, కట్టకు ఇన్ని బీడీలన్నట్టు ఇరవై అయిదు కుప్పలు పెట్టింది.

3 గంటలు.
హనోకు ఫోన్. వదినె చూసిందా అని ముందు అడిగాడు. లేదన్నాను. తర్వాత అంకెలు చెప్పాడు. పొడి గుండు 42. పుస్తకం మీద పెన్ను నీడ పడింది. అంచు కత్తెరతో కోసినట్టు ఉంది. తడి గుండు